చెయ్యి కలిపాకే కుస్తీ

నందికొట్కూరు బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి మిరపకాయల బస్తా మీద కాళ్ళు చాపుకొని, వానల సంగతి, ధరల సంగతి అన్నీ అయ్యాక, చివర్లో చెప్పాడు.

"గుంతలో కూర్చున్న పైల్వాన్ పోయినాడంట కదా అయివారూ. మీకు బాగా తెల్సిన మనిషే కదా ఆయప్ప."

పోయి నెల కావస్తోందట. నాకెవరూ చెప్పలేదు. చెప్పవలసినంత దగ్గరివాణ్ణని ఎవరూ అనుకోకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. "తెలుసు" అన్నాను. ఆ మాటైనా నిండుగా అనగలిగానో లేదో.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాయమని ఆయన నన్ను అడగలేదు. అడగకుండానే ఆయన తరఫున పనులు చక్కబెట్టే అలవాటు ఒకప్పుడు నాకుండేది. ఆ అలవాటు ఎంత చేటు చేసిందో ముందు ముందు చెబుతాను.

ముందు ఆ గుంత సంగతి. కర్నూలు రాజధాని అయిన కొత్త. ఊరంతా ఆఫీసుల డేరాలు, ఎక్కడ చూసినా తవ్వకాలు. నీళ్ళ గొట్టాల కోసం పాతబస్తీ దారుల్లో నిలువెత్తు కాలవలు తవ్వి, రాళ్ళూ మట్టీ పక్కన పోసి, వాటి ఖర్మకు వాటిని వదిలేశారు. నేను బడి పని మీద కర్నూలు వచ్చి ఒక సందులో పోతుంటే జనం మూగి ఉన్నారు. తొంగి చూశాను. గుంత అడుగున ఒక భారీ మనిషి బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. మొహం నిండా అమ్మవారి మచ్చలు. రెండు కళ్ళూ మూసుకుపోయి ఉన్నాయి. భుజాలు గాదెల్లా ఉన్నాయి. మోచెయ్యి కొట్టుకుపోయి నెత్తురు కారుతోంది. దాన్ని ఆయన పట్టించుకోవడం లేదు.

నేను డ్రిల్లు మాస్టర్ని. అప్పుడు ఒంట్లో సత్తువా ఉంది, దాన్ని పదిమందికీ చూపించుకోవాలన్న యావా ఉంది. గుంతలోకి దూకి ఆయన రెక్క పట్టుకొని లేపబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. లేవడానికి కాదు, ఎవరో చూడడానికి.

"ఎవరప్పా నువ్వు?"

"డ్రిల్లు మాస్టర్ని."

"ఆత్మకూరా?"

"కాదు, నందికొట్కూరు."

"కాదు కాదు. ఈ పట్టు ఆత్మకూరోళ్ళది."

"మాది నందికొట్కూరేనప్పా."

"అట్లయితే మీయమ్మది ఆత్మకూరయింటాది."

మా అమ్మది బనగానపల్లె. ఆ మాటే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. మనిషి చెయ్యి పట్టుకుంటే ఊరు చెప్పగలనన్నది ఆయన నమ్మకం. నేనెరిగినంతలో అది నిజమైన సందర్భం ఒక్కటీ లేదు. తప్పని తేలిన ప్రతిసారీ ఆ ఎదుటిమనిషికే తన ఊరు సరిగ్గా తెలియదన్నట్టు మాట్లాడేవాడు.

"సరే లేయి, పైకి పోదాం" అన్నాను.

"పైకి రాలేక ఈడ కూర్చోలేదు అయివారూ. నువ్వు పో. ఈ గుంత తవ్విచ్చినోడు రావల్ల. వాడు వచ్చిందాకా నేను ఈడనే."

పైనుంచి ఎవరో అన్నారు: "ఏమప్పా పైల్వాన్, రాజధాని వచ్చినాదని నీకు గూడా ఆఫీసు ఇచ్చినారా?"

"ఇచ్చినారప్పా. పైకప్పొకటి మర్చిపోయినారు."

ఓవర్సీరు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సైకిలు దిగీ దిగకముందే కసిరాడు. "కళ్ళు కనపడనివాడివి, ఇంట్లో పడి ఉండకుండా రోడ్డు మీదికి ఎందుకొచ్చావయ్యా?"

"ఇంట్లోనే ఉంటా సామీ. దినామూ జొన్నలు నువ్వు తెచ్చిస్తావా మా ఇంటికి?"

జనం నవ్వారు. ఓవర్సీరు నవ్వలేదు. పైల్వాన్ కూడా నవ్వలేదు.

"గుంత చుట్టూరా తాడు కట్టిచ్చు. నడుమెత్తున. తాడు ల్యాకపోతే ముండ్లకంపన్నా ఎయ్యి. నాకొక్కనికే అనుకోవద్దు. మీ నాయనకు కండ్లు మసకలు కమ్మవా రేపు? మీ ఇంట్లో బిడ్డ పరిగెత్తదా ఈ దావన?"

తాడు తెచ్చి కట్టారు. అప్పుడు రెండు చేతులూ గట్టు మీద ఆనించి ఒక్క ఊపున పైకి వచ్చాడు. సాయానికి చాచిన నా చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. వచ్చి, తాడు తడుముకుంటూ గుంత చుట్టూ తిరిగాడు. ఒక మూల కట్టకుండా వదిలేసినట్టు తగిలింది. ఏమీ అనకుండా మళ్ళీ గుంతలోకి కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. ఓవర్సీరు తల పట్టుకున్నాడు.

ఆ రోజు ఆయన వెంట ఇంటిదాకా వెళ్ళాను. దూదేకులవాళ్ళ ఇల్లు. దూలానికి వేలాడుతున్న పెద్ద విల్లు, దాని నారిని కొట్టే కొయ్యగూటం, గదినిండా తేలే దూది. పని చేస్తున్నంతసేపూ ఆయన మీసాల మీద, కనురెప్పల మీద తెల్లగా పేరుకుపోయేది. తుడుచుకునేవాడు కాదు. పొద్దున్నే కుస్తీలు నేర్పే తాలీంలో కసరత్తు, తర్వాత ఏకుడు పని. పైల్వాన్లు తినే బాదంపప్పు ఆయన ఇంటి గడప తొక్కలేదు. సంగటి, రోట్లో నూరిన శెనక్కాయల ఊరిబిండి, నానబెట్టిన ఉలవలు. "గుర్రాలు తినేది కదప్పా" అని ఎవరైనా అంటే, "గుర్రాన్ని నువ్వు పడేసినావా యాపొద్దన్నా?" అనేవాడు.

గొప్పలు శానా చెప్పేవాడు. తను పడేసినవాళ్ళ లెక్క నెలనెలకూ పెరిగేది, కుస్తీలు లేని వానాకాలంలో కూడా. ఆడమనిషి గొంతు వినపడితే ఛాతీ ముందుకు వచ్చేది. భార్య లోపలినుంచి, "ఇంక ఊపిరి వదులు, పోయిందిలే ఆమె" అని కేకేసేది.

గుడ్డోడంటే ఆయనకు కోపం రాదు. "పాపం" అంటేనే వస్తుంది. "గుడ్డోణ్ణే కదప్పా, కుంటోణ్ణి కాదు గదా. పాపమనేది ఎవర్నబ్బా? నాతో ఒక పట్టు పట్టి గెల్చినోడు అనల్ల ఆ మాట."

చిక్కంతా ఆ పట్టు దగ్గరే. కుస్తీలో ఇద్దరూ గోదాలో దిగి, మట్టి తీసి ఒకరి భుజాల మీద ఒకరు చల్లి, విడిపోయి దూరం జరుగుతారు. ఆ తర్వాత ఒకర్నొకరు కనిపెట్టుకుంటూ చుట్టూ తిరిగి, అదను చూసి మీద పడతారు. మనిషి ఒకసారి చేతికి చిక్కితే ఆయనకూ కళ్ళున్నవాడికీ తేడా లేదు. చిక్కేదాకానే తేడా. పైగా మా సీమలో కుస్తీ సాగినంతసేపూ గోదా చుట్టూ తప్పెట్లు మోగాల్సిందే. "తప్పెట మోగితే నాకు మనిషి మాయమైతాడు అయివారూ. కాళ్ళ సప్పుడు ల్యా, ఊపిరి ల్యా. ఉట్టి గోల."

సొంత తాలీంలో వాళ్ళు ఆయనతో చెయ్యి కలిపే మొదలుపెట్టేవాళ్ళు. అక్కడ ఆయనను పడేయడం ఎవరికైనా కష్టమే. జాతరల్లో, దర్గాల ఉరుసుల్లో మాత్రం కొందరు దొంగల్లా వెనకనుంచి వచ్చి కాలు లాగేవాళ్ళు. ఆయన గాలిని పట్టుకోబోవడం చూసి జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. నేనూ ఒకసారి నవ్వాను. ఆయన ఎవరో నాకు తెలియని రోజుల్లో, ఏదో తిరునాళ్ళలో. ఇది ఆయనకెప్పుడూ చెప్పలేదు.

ఆయన అడిగింది చిన్నది. చెయ్యి కలిపాకే కుస్తీ మొదలవ్వాలి. పట్టు పూర్తిగా విడిపోతే ఆపి, మళ్ళీ చెయ్యి కలిపించాలి. చూపు లేనివాడు గోదాలో ఉన్నంతసేపూ తప్పెట్లు ఆగాలి. ఇది అడగడానికి బస్సుల్లో, బండ్లలో, నడిచి, ఊరూరూ తిరిగాడు. ఆత్మకూరు, నందికొట్కూరు, కడపదాకా. ఉరుసులు జరిపేవాళ్ళ అరుగుల మీద, జాతరలు జరిపేవాళ్ళ కల్లాల్లో కూర్చొని అడిగాడు.

"అట్లయితే అది కుస్తీ కాదప్పా, కోలాటం" అన్నారొక ఊళ్ళో.

"కోలాటమే అనుకో. ఆడు నాతో ఒక సుట్టు."

ఇంకోచోట ఒక పెద్దమనిషి, కుస్తీ ఎందుకు, నీకు ఊరికే పంచె, తువ్వాలు పెట్టి పంపిస్తాం అన్నాడు. ఈయన లేచి వచ్చేశాడు. దారిలో నాతో అన్నాడు: "దయ ఆ పొద్దుటికే అయివారూ. పొద్దు మునిగితే దయ గూడా మునుగుతాది. కట్టడి చేస్తే రేపూ ఉంటాది. నా ఎనకాల ఇంకొకడు వస్తాడు సూపు ల్యాకుండా. వాడు మళ్ళా మొదుట్నుంచి అడుక్కోవల్నా?"

ఆ తిరుగుళ్ళలో కొన్నిటికి నేనూ వెంట వెళ్ళాను. ఆయన మాట్లాడుతుంటే మధ్యలో అందుకొని నేను మాట్లాడేవాణ్ణి. నాకు మాట చక్కగా వచ్చని నా నమ్మకం. ఆయన పక్కన ఊరుకునేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఎక్కువ మాట్లాడేవాడు కాదు. అలిసిపోయాడు పాపం అనుకునేవాణ్ణి. ఆ "పాపం" నాలో ఎంత లోతుకు దిగిందో నాకు తెలియలేదు.

చివరికి మా నందికొట్కూరు పక్క ఒక ఉరుసులో, కుస్తీల పెత్తనం చేసే పెద్దరెడ్డి ఒప్పుకున్నాడు. "ఈసారికి నువ్వడిగినట్టే జరిపిస్తాం. సక్కంగా జరిగిందా, ఇంక మా ఉరుసుకు అదే కట్టడి. జరగకపోతే మళ్ళా ఈ మాట ఎత్తొద్దు." ఆ ఉరుసుకు చుట్టుపక్కల తాలూకాల పైల్వాన్లందరూ వస్తారు. ఇక్కడ కట్టడి అయితే మిగతా ఊళ్ళూ అదే దారి పడతాయి. తీర్పు చెప్పేవాడిగా నన్ను పెట్టారు. ఎదురుగా ఆత్మకూరు నుంచి ఒక పడుచు పైల్వాన్. మా బళ్ళో చదివినవాడే. నా కింద డ్రిల్లు చేసినవాడు.

నాకు భయం పట్టుకుంది. ఆయనకు నలభై దాటాయి. వాడు రాతికంబంలా ఉన్నాడు. ఈయన ఓడితే అందరూ నవ్వుతారు, గుడ్డోడికి ఇదంతా ఎందుకంటారు, కట్టడి పోతుంది. ఇలా ఆలోచించి బస్సెక్కి ఆత్మకూరు వెళ్ళాను. తాలీంలో వాడు నా కాళ్ళకు దండం పెట్టాడు.

"ఈసారికి పడిపోరా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "ఎందుకు అయివారూ?"

"కళ్ళు లేని మనిషి. ముప్పుతిప్పలు పడి ఇక్కడిదాకా వచ్చినాడు. నువ్వు పడితే నీకేం పోతుంది? నీకు ఇంకా ఎన్ని కుస్తీలు లేవు?"

వాడు నేలకేసి చూశాడు. "మీరు చెప్తే సరే అయివారూ" అన్నాడు. అయివారి మాట కాదనడం వాడికి తెలియదు. అది నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.

ఉరుసునాడు తప్పెట్లు ఆగాయి. అంత జనం ఉన్నచోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. చెయ్యి కలిపారు. ఈయన మెడపట్టు పట్టి ఒక్కసారి గుంజాడో లేదో, వాడు తూలి, మోకాళ్ళ మీదికి వచ్చి, వెల్లకిలా వాలిపోయాడు. "చిత్తు!" అని అరిచాను. జనం కేకలు వేశారు. తప్పెట్లు మోగాయి.

ఆయన వాడి ఛాతీ మీద చేతులు పెట్టి అలాగే ఉండిపోయాడు. తప్పెట్లు ఆపమని చెయ్యెత్తాడు. ఆగాయి.

"లేయప్పా" అన్నాడు వాడితో. "నువ్వు పడలేదు. పండుకున్న్యావు."

వాడు లేచి తల దించుకున్నాడు.

"ఎవరు చెప్పినారు నీకు పండుకోమని?"

వాడు నా వైపు చూశాడు. అది ఆయనకు కనపడదు. మిగతావాళ్ళెవరికీ అర్థం కాలేదు. నేను నోరు తెరవలేదు. వాడూ నా పేరు చెప్పలేదు.

పెద్దరెడ్డి లేచాడు. "సూస్తిరి కదప్పా. గుడ్డోనితో కుస్తీ అంటే ఇంతే. మనసొప్పి ఎవడు కొడ్తాడు వాన్ని? కట్టడీ ల్యా, గిట్టడీ ల్యా. పోండి." జనం మాత్రం వాణ్ణి, ఆ పడుచువాణ్ణి, లంచం తిన్నాడని దారి పొడుగునా ఈలలు వేసి తరిమారు. ఆ ఏడాదంతా వాడు లంగోటీ కట్టలేదని విన్నాను. ఈయనకు వెండికడియం ఇవ్వబోతే గోదా మట్టిలోనే వదిలేసి వెళ్ళిపోయాడు. నేను బడికి పోయి, పిల్లలను వరసల్లో నిలబెట్టి, ఎప్పటిలాగే డ్రిల్లు చేయించాను.

నెలలు గడిచాయి. మేలు చేయబోయానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట పగలు నిలిచేది, పడుకుంటే నిలిచేది కాదు. మళ్ళీ ఉరుసు దగ్గర పడుతుండగా కర్నూలు వెళ్ళాను. ఆయన దూది ఏకుతున్నాడు. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. విల్లు ఆగింది.

ఆయనకు ముందే తెలిసి ఉంటుందని, పెద్దమనసుతో ఊరుకున్నాడని నేను ఊహించుకుంటూ వచ్చాను. తెలియదు. పెద్దరెడ్డే చేయించాడని ఏడాదంతా అనుకున్నాడట. మొహం నల్లబడింది. కొయ్యగూటం ఎత్తాడు. కొడతాడనుకున్నాను. గోడకేసి విసిరాడు. పెచ్చు ఊడింది.

"నేను ఓడిపోతానని నీకెవడు చెప్పినాడప్పా?"

గుమ్మం దాకా వచ్చాడు.

"ఓడిపోతే ఏమి? ఓడిపోవడం నాది కాదా? అది గూడా నువ్వే తీసుకుంటివే!"

"తప్పు చేసినా. మన్నించు" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం? నా దగ్గర యాడుండాది కట్టడి? ఆ పిల్లోన్ని ఊరంతా తరిమిరే, నాకు చెప్తే వానికేం లాభం? యాడ నోరు మూసుకున్న్యావో ఆడ పోయి తెరువు." తలుపు వేసేశాడు. మీసాల మీద దూది అలాగే ఉంది.

ఉరుసు ముందు పెద్దరెడ్డి అరుగు మీద నలుగురూ కూర్చున్నప్పుడు వెళ్ళి చెప్పాను. అంతకు ముందే ఆత్మకూరు వాణ్ణీ, ఈయననూ పిలిపించమని బతిమాలి ఉన్నాను. నేను చెప్పడం అయ్యాక ఒకాయన, "బళ్ళో పిల్లోళ్ళను గూడా ఇట్లే పాసు చేస్తాండావా అయివారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు దక్కవలసిందే. వాడు మాత్రం నవ్వలేదు. ఒక మూల గోడకు ఆనుకొని కళ్ళు తుడుచుకుంటున్నాడు.

పెద్దరెడ్డి గడ్డం గోక్కున్నాడు. అప్పుడు కర్నూలు నుంచి వచ్చిన మా పైల్వాన్ మాట్లాడాడు. ఈసారి మధ్యలో నేను అందుకోలేదు.

"మళ్ళా పెట్టండి రెడ్డీ. ఈ పిల్లోడే రావల్ల. కట్టడి అదే. తప్పెట్లు వద్దు."

"తీర్పుకు ఎవర్ని పెట్టల్ల? ఈ అయివారు మాత్రం వద్దప్పా."

"ఈయన్నే పెట్టండి" అన్నాడు ఆయన.

"ఏమప్పా, బుద్ధి రాలేదా నీకు?"

"నాకొచ్చింది. ఈయనకు రావల్ల."

పోయినేడు ఆపిన కట్టడి ఈ కుస్తీతో తేలిపోవాలని పెద్దరెడ్డి ఒప్పుకున్నాడు. గెలుపోటములతో పని లేదు, నిజంగా కుస్తీ జరగాలి, అంతే అన్నాడు.

ఆ కుస్తీ నాకు పట్టు పట్టుగా గుర్తుంది. చెయ్యి కలిపారు. వాడు వంగి కాలు అందుకోబోతే ఈయన బరువంతా వీపు మీద వేసి అణిచాడు. విడిపోయారు. "ఆగు" అన్నాను. మళ్ళీ చెయ్యి కలిపించాను. ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు. జనంలో ఒకడు దగ్గబోతే పక్కవాడు వాడి నోరు మూశాడు. ఒకసారి ఈయన వాణ్ణి అంతెత్తున లేపాడు. పడేస్తాడనుకున్నాను, నా గుండె పొంగింది. వాడు గాలిలోనే మెలి తిరిగి పిల్లిలా కాళ్ళ మీద దిగాడు. ఈయన నవ్వాడు. గోదాలో ఆయన నవ్వగా అదే మొదటిసారి చూడడం. మళ్ళీ విడిపోయారు, మళ్ళీ కలిపాను. ఈయన ఛాతీ కొలిమితిత్తిలా కొట్టుకుంటోంది. వయసు ఆయనను వెనకనుంచి పట్టుకుంటోందని నాకు తెలుస్తోంది. దానికి ఏ కట్టడీ లేదు. వాడు నడుం పట్టాడు, తిప్పాడు, ఇద్దరూ కలిసి పడ్డారు. కింద ఈయన.

ఎడమ భుజం ఆనింది. కుడి భుజం ఆనింది. వీపు మట్టికి అంటుకుపోయింది. వాడు పైన బిగబట్టి నా మొహంలోకి చూస్తున్నాడు.

కుడిపక్క ఇంకా కొంచెం లేచే ఉందేమో అని చూశాను. లేదని తెలిసీ వంగి మళ్ళీ చూశాను. ఇంకొక్క క్షణం ఇస్తే విడిపించుకుంటాడేమో అనుకున్నాను. ఇంత జరిగినా, ఇంత సిగ్గుపడినా, నాలోని ఆ మనిషి చావలేదు.

"అయివారూ" అన్నాడు ఆయన కిందినుంచి. కోపంగా కాదు. మట్టి నోట్లోకి పోయి గొంతు బొంగురుపోయింది. "నా వీపు నేల మీదుండాది. చెప్పు."

"చిత్తు" అన్నాను.

ఆయన ఊపిరి వదిలాడు. లేవలేదు. పైనున్న వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కొని, "బాగ పడేసినావు రా నాయనా, బాగ పడేసినావు" అంటూ అలాగే పడుకొని ఉన్నాడు. పెద్దరెడ్డి గోదా గట్టు మీదనుంచి దిగి వచ్చి, ఇకనుంచి మా ఉరుసుకు ఇదే కట్టడి అని చెబుతున్నాడు. ఆయన ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు.